కప్పుకుంటే కేసు

అమెరికాలో ఆరుబయట కునుకు తీయాలంటే ముందు లాయర్ని పెట్టుకోవాలి. ఓరెగాన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఇల్లు లేనివాడు పార్కులో దుప్పటి కప్పుకుని పడుకుంటే 295 డాలర్ల జరిమానా వేసేవారు. కట్టకపోతే అది 500 దాటేది. అంత డబ్బే ఉంటే ఆ మనిషి లాడ్జిలో గది తీసుకునేవాడు కదా! అప్పట్లో ఊళ్లో సర్కారు షెల్టరా? అదొక్కటీ అడక్కండి.

ఈ శిక్ష క్రూరమూ కాదు, అసాధారణమూ కాదని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో తేల్చేసింది. నిజమే, అసాధారణం ఎలా అవుతుంది? ఆ జనవరిలో దేశమంతటా ఒక్క రాత్రి లెక్కపెడితేనే ఇల్లు లేనివాళ్లు 7,71,480 మంది తేలారు.

‘ఇల్లు లేనివాళ్లంతా తాగుబోతులే, మత్తురాయుళ్లే’ అనే పెద్దమనుషులు వెస్ట్ వర్జీనియా చూడాలి. మత్తుమందు చావుల్లో ఆ రాష్ట్రం ఏళ్లుగా ముందు వరసలో ఉంది. అయినా వీధిన పడ్డవాళ్లు తక్కువే. ఎందుకంటే అక్కడ అద్దె చవక. తాగేవాడూ గదిలోనే తాగుతాడు. కాలిఫోర్నియాలోనో, ఉద్యోగం చేసేవాళ్లు కూడా కారులో పడుకుంటున్నారు. రాష్ట్రాల సంగతి అటుంచితే, ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి అది అక్కడే గుర్రుపెట్టి నిద్రపోతోంది. దాన్ని తట్టి లేపే పోలీసు మాత్రం లేడు.

అక్కడున్న మన పిల్లలు వీడియో కాల్‌లో ఆకాశహర్మ్యాలు చూపిస్తుంటారుగా, ఈసారి ఫోన్ కాస్త కిందికి దించమనండి.