పరుపు గోడెక్కింది

మావాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిన మూడోనాడే నేను వాడి గదిలో టేపు పట్టుకుని నిలబడ్డాను. బెంగ లేక కాదు. బెంగ ఎన్నాళ్లు పెట్టుకున్నాక గది ఆక్రమించుకోవచ్చో పెద్దలెవరూ చెప్పిపోలేదు మరి. పిల్లల కథలు నా గొంతుతో చదివి రికార్డు చేయాలని పదేళ్లుగా కోరిక. మైకు కొన్నాను, స్టాండు కొన్నాను. గదే దొరకలేదు ఇన్నాళ్లూ.

పొడవు 10 అడుగులు. వెడల్పు 10. స్టూలెక్కి ఎత్తు కొలిస్తే అదీ 10. గృహప్రవేశం నాడు మా బాబాయి ఈ గదిలో నిలబడి, "నలుచదరంరా అబ్బాయ్! వాస్తుకి ఇంకేం కావాలి" అని మురిసిపోయాడు. వాస్తు సంగతి నాకు తెలీదు. రికార్డింగు వరకూ ఇంతకన్నా దరిద్రపు గది కట్టడం ఏ మేస్త్రీ తరమూ కాదు.

శబ్దం సెకనుకి దాదాపు 1,130 అడుగులు పరిగెడుతుంది. ఎదురెదురు గోడల మధ్య వెళ్లొస్తూ ఒకానొక శ్రుతి దగ్గర తనమీద తనే పేరుకుపోతుంది. ఆ 1,130ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే ఆ శ్రుతి తెలుస్తుంది. 10 అడుగులకి 56 హెర్ట్జ్ చిల్లర. ఆ పైన 113, ఆ పైన 169. పొడవూ వెడల్పూ ఎత్తూ వేరువేరైతే ఈ గోల తలా కాస్తా పంచుకుంటాయి. మా గదిలో మూడూ ఒకే చోట గొంతు కలుపుతాయి. లౌడన్ అనే ఆయన 1971లో రకరకాల కొలతలు లెక్కలు కట్టి 1 : 1.4 : 1.9 మేలన్నాడు. అంటే ఎత్తు 10 అయితే వెడల్పు 14, పొడవు 19. ఆ ప్రకారం పోవాలంటే పక్క ఫ్లాటు వంటగది కూడా మేం కలిపేసుకోవాలి. వాళ్లకీ మాకూ మాటల్లేక రెండేళ్లయింది.

మగవాడు మామూలుగా మాట్లాడే గొంతు ఆ 113 చుట్టూనే తిరుగుతుంటుంది. పైగా గది నడిమధ్య 56 మాయమైపోతుంది, 113 రెచ్చిపోతుంది. నేను కుర్చీ వేసుకున్నది సరిగ్గా అక్కడే, సభాధ్యక్షుడిలా. "అనగనగా ఒక రాజు" అని గంభీరంగా మొదలెట్టి తర్వాత విన్నాను కదా, "రా" దగ్గర గది 'బోం'మని లేచింది. రాజుగారొక్కడూ ఏనుగంత. ఆయన రాణి, మంత్రి, ఏడుగురు కొడుకులూ చీమలంత.

నేల ఇంకో కథ. రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్, మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. చప్పట్లు కొడితే 'టర్‌ర్‌ర్' అని గోడల మధ్య ఎవరో బట్ట చించినట్టు వినిపించేది. రోజుకి పదిసార్లు కొట్టి చూసేవాణ్ని. "ఎవరికిరా ఆ చప్పట్లు, ఎవరైనా వచ్చారా?" అని అమ్మ హాల్లోంచి అడిగేది.

తివాచీ వేస్తే సరి అనుకున్నాను. గోడనుంచి గోడకి వేయించాను. ధర మా ఆవిడకి సగమే చెప్పాను. పరిచాక మళ్లీ చదివితే స, ష, చ అన్నీ దుప్పటి కప్పుకుని పడుకున్నాయి. రాజుగారు మాత్రం చెక్కు చెదరలేదు. తివాచీ పీచులో చిక్కుకునేవి పొట్టి అలలే. 4,000 హెర్ట్జ్ దగ్గర మందపాటి తివాచీ సగానికి పైగా మింగుతుంది, 125 దగ్గర దాదాపు ఏమీ మింగదు. 56 హెర్ట్జ్ అల పొడవే 20 అడుగులు. దానికి అరంగుళం తివాచీ అడ్డమేమిటి, ఏనుగుకి దోమతెర కట్టినట్టు! అంతకుముందు షాపువాడు చెక్కలా కనిపించే వినైల్ షీటు చూపించాడు. సిమెంటు మీద అంటించిన వినైల్ కంటికి టేకు, చెవికి టైలు.

రికార్డిస్టుగా చేసి రిటైరైన మిత్రుణ్ని పిలిచాను. తివాచీ చూసి చెప్పులు విప్పాడు, తర్వాత నవ్వాడు. "నేల జోలికి ఎందుకెళ్లావయ్యా? దాన్ని గట్టిగానే ఉండనీ. మెత్తన పైన ఉండాలి, మూలల్లో ఉండాలి. అలికిన నేల, తాటాకు కప్పు. మీ తాతగారి పాకని మించిన స్టూడియో ఉందా?" అన్నాడు. మా తాత పాక అమ్మి డాబా కట్టినందుకు ఊరంతా మెచ్చుకున్నారట అప్పట్లో.

"అమెరికావాళ్ల ఫోము ముక్కలు చూసి మోసపోకు. వాళ్లవి అట్టలాంటి జిప్సం గోడలు, బేస్ కొంత వాటిలోంచి జారిపోతుంది. మనది ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు. లోపలికొచ్చిన బేస్ పాత అద్దెదారే, ఖాళీ చెయ్యదు" అని కూడా చెప్పాడు. అప్పటికే నేను చేరవేసిన కోడిగుడ్ల అట్టల్ని కాలితో పక్కకి నెట్టాడు.

ఇంత చర్చా విని మా ఆవిడ, "కిటికీ తీస్తే పోదుటండీ ఆ మోత?" అంది. మేమిద్దరం ఫక్కున నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది. 1895లో హార్వర్డులో ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాటమీద మాట పడి ఒక్క ముక్కా అర్థం కాకపోతే, వాలెస్ సబైన్ అనే కుర్ర భౌతికశాస్త్ర మాస్టార్ని చూడమన్నారు. ఆయన రాత్రిళ్లు పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు మోసుకొచ్చి, దిండుకింత అని మోత తగ్గడం కొలిచాడు. శబ్దాన్ని మింగడానికి ఆయన పెట్టుకున్న కొలమానం ఏమిటంటే, తెరిచిన కిటికీ. బయటికెళ్లింది తిరిగి రాదు కదా! తన ఒంటిమీది బట్టలు కూడా లెక్క తప్పిస్తున్నాయని ఎప్పుడూ ఒకే రకం బట్టలు వేసుకునేవాడట. ఇది మాత్రం ఇంట్లో చెప్పి తప్పు చేశాను. ఆ వారమంతా ఒకే లుంగీలో తిరుగుతుంటే, మా ఆవిడ "సైంటిస్టుగారూ" అని పిలిచింది.

కిటికీ తీశాను కూడా. మోత పోయింది. రాజుగారు వేటకి బయల్దేరగానే "పాత ఫ్రిజ్జులు, పాత కూలర్లు కొంటాం" అంటూ అడవిలోకి ఆటో వచ్చింది.

చివరికి దారి చూపింది అమ్మ. "దూది కావాలంటావేంరా? అటక మీద మీ పెళ్లినాటి బూరుగుదూది పరుపులున్నాయి కదా." రెండూ దింపాను. ఆరంగుళాల మందం. రెండు మూలల్లో గోడకి ఆనకుండా ఏటవాలుగా నిలబెట్టాను, వెనక్కి అమ్మ కుట్టిన బొంతలు దోపాను. కుర్చీని నడిమధ్య నుంచి లేపి ముందు గోడకి నాలుగడుగులకి రెండంగుళాలు తక్కువలో వేశాను. తివాచీ చుట్టి తలుపు వెనకాల నిలబెట్టాను. 56 కదల్లేదు. దాన్ని పట్టాలంటే పరుపు ఐదడుగుల మందం ఉండాలి. 113 మాత్రం బాగా తగ్గింది. మొదటిసారి రాజూ రాణీ ఒకే ఎత్తులో కనిపించారు.

"ఇల్లా, పరుపుల కొట్టా?" అంది మా ఆవిడ. ఎవరొచ్చినా ఆ గది తలుపు మూసేసేది.

సంక్రాంతికి మా బావమరిది దిగాడు. పండక్కొచ్చినవాణ్ని టైల్స్ మీద పడుకోబెడతామా? పరుపులు రెండూ మూలల్లోంచి దిగి నేలమీద పడ్డాయి. అర్ధరాత్రి ఒంటిగంటకి ఇల్లు 'బోం'మంది. ఆగింది. మళ్లీ 'బోం'. బావమరిది గురక సరిగ్గా రాజుగారి శ్రుతిలో ఉంది.

చీకట్లో మా ఆవిడ లేచి కూర్చుంది.

"ఏమండీ, మా తమ్ముడు నేలమీద పడుకుంటాడులెండి. ఆ పరుపులు మళ్లీ మూలల్లో నిలబెట్టండి."