హద్దురాతి ఆత్మకథ

ద్రాక్షారామ భీమేశ్వరుని కోవెలలో నా జ్ఞాతులు కలరు. అఖండదీపములకును భూదానములకును సాక్షులై, ఒడలెల్ల శాసనాక్షరములు ధరించి, పండితులచేత ప్రతులు తీయించుకొను ఆ రాళ్లతో చుట్టఱికము చెప్పుకొనుటకు నాకు సిగ్గగును. ఏలయన నా నుదుట నుండినది ఎఱ్ఱరంగుతో వ్రాసిన '27' అను ప్లాటు సంఖ్య మాత్రమే.

రాజమహేంద్రవరమున కావల నొక క్వారీలో నన్ను చీల్చిరి. రాష్ట్రము రెండైన 2014లో, నిన్నటిదాక వరి పండిన చేనిలో గ్రావెలు పోసి, లేఅవుటు వేసి, నన్నొక మూల పాతిరి. ఆ యేడు నా చెంత నాగిన కార్లకు లెక్కలేదు. ఇల్లు కట్టదలచినవాడు భార్యను వెంటబెట్టుకొని వచ్చి, తూర్పెటని చూచి, బోరు నీరు తీపియా ఉప్పా యని విచారించును, మారుబేరమునకు కొనువాడు కారు దిగకయే "సెంటెంత?" అని యడుగును. ఈ రెండవ తెగవారు మిక్కుటమైననాడే అంగడికి జ్వరము తగిలినదని నాకు తోచెను.

అంగడి యెటు సాగునో చూపుటకు జాతీయ గృహనిర్మాణ బ్యాంకువారు 2007 నుండి 'రెసిడెక్స్' అను సూచీని వెలువరించుచున్నారు. అందు హైదరాబాదు కలదు, విజయవాడ కలదు, మా యూరికి చోటు లేదు. కావున నా సూచీని నేనే కూర్చుకొంటిని. మొదట చూడవచ్చువారు పలుచబడుదురు. పిమ్మట రిజిస్ట్రారు కచేరిలో దస్తావేజులు తగ్గును. అటుపిమ్మట ఇటుకల లారీల చప్పుడు అణగును. ధర మాత్రము, అమ్మువాని యభిమానముచేత, పెక్కు నెలలు నోటిమాటగా నిలిచియుండి, అందఱికంటె కడపట సాక్ష్యము చెప్పును.

వీనికెల్ల మూలము తఱచుగా వడ్డీయే. 2020 మే నెలలో 4 శాతమైన, రిజర్వు బ్యాంకు బ్యాంకుల కప్పిచ్చు రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 శాతమాయెను. 20 ఏండ్ల గడువుపై 20 లక్షల ఋణము 7 శాతము వడ్డీకి నెలకు 15,500 రూపాయలు తీయించినచో, 9.5 శాతమునకు 18,600 దాటించును. ఆ మూడు వేల సంగతి నాకెవ్వరును చెప్పలేదు. నా చుట్టును తుమ్మమొక్కలు మోకాలెత్తు పెరిగినపుడు నేనే ఊహించుకొంటిని.

నా యజమాని కువైటులో నుండెను. రెండేండ్ల కొకమారు వచ్చి, నాపై చెప్పుకాలు మోపి ఫొటో తీయించుకొని, "రేటు పెరిగిందా?" అని బ్రోకరు నడిగెడివాడు. "పెరిగిందండీ బాబూ, కొనేవాడే లేడండీ" అని యతడు బదులు చెప్పెడివాడు. గేదెలు రాచుకొనగా నే నొక ప్రక్కకు ఒరిగితినని ఇరువురిలో ఒక్కడును చూడడాయెను. గడ్డికోయ వచ్చినవారు నా శిరమున కొడవళ్లు నూఱుకొనిరి. వానలకు 7 చెఱిగి 2 మిగిలెను. ఒకనాడు తుమ్మలు పెఱుకవచ్చిన జేసీబీ, వానితోపాటు నన్నును పెల్లగించి పంటబోదెలో పడవైచెను. నే నున్నచోట సిమెంటు స్తంభము నిలిచెను. నన్ను వెదకినవాడు లేడు.

నాచు పట్టి, సగము నీట మునిగి, కోవెల గంటలు వినుచు ఇచట పడియున్నాను. నిన్న వేకువను గట్టుమీద ఇటుకల లారీ యొకటి పోయినది. ఒక్క లారీని నమ్మి మోసపోయిన రాయిని గనుక, రెండవదానికై చెవి యొగ్గియున్నాను.