బొడ్డుకెంత దూరం?

మా చిన్నదానికి కడుపునొప్పి సోమవారం ఉదయం ఏడుంబావుకి వస్తుంది. స్కూలు బస్సు ఏడున్నరకి. బస్సయినా అప్పుడప్పుడూ ఆలస్యమవుతుంది గానీ నొప్పి ఎన్నడూ కాలేదు.

మొదటి వారం మా అమ్మ బొడ్డు చుట్టూ ఇంగువ రాసింది. రెండో వారం ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. మూడో వారం నులిపురుగుల మాత్ర. నాలుగో వారానికి నాలోని డిటెక్టివు మేలుకున్నాడు. "అంతా నటన. తొమ్మిదింటికల్లా టీవీ ముందుంటుంది, చూడు" అని మా ఆవిడతో పందెం కాశాను. గెలిచాను కూడా. తొమ్మిదింటికి టీవీ ముందే ఉంది, నా ఒళ్లో. దానికోసం ఆఫీసుకి సెలవు పెట్టి, పొట్ట నిమురుతూ, "ఇప్పుడెలా ఉంది తల్లీ?" అని పది నిమిషాలకోసారి అడుగుతున్నది నేనే.

పిల్లల డాక్టరుగారు "ఎక్కడమ్మా నొప్పి?" అంటే అరచెయ్యి బొడ్డు మీద పెట్టింది. బరువు తగ్గిందా, రాత్రి నొప్పితో నిద్ర లేస్తోందా, విరేచనంలో రక్తం, జ్వరం, ఆగని వాంతులు ఉన్నాయా అన్నీ అడిగి, పొట్ట నొక్కి చూసి ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"1958లో ఇంగ్లండులో జాన్ ఏప్లీ అనే డాక్టరు మరొకరితో కలిసి వెయ్యిమంది బడిపిల్లల్ని చూస్తే, పదిమందిలో ఒకరికి ఇలాంటి నొప్పి ఉందండీ. బొడ్డుకి ఎంత దూరంగా నొప్పి ఉంటే లోపల జబ్బుండే అవకాశం అంత ఎక్కువని ఆయన లెక్క."

"అంటే నటనే కదండీ!"

"కాదండీ, నొప్పి నిజమే. పేగులకి సొంత నరాల అల్లిక ఉంది. అది మెదడుతో మాట్లాడుతూనే ఉంటుంది. పరీక్ష రోజున మీ పొట్టలో తిప్పలేదూ? బెంగ ఉన్న పిల్లలకి అదే నొప్పిగా తెలుస్తుంది. ఇంట్లో ఇంకెవరికైనా తరచూ నొప్పులున్నాయా?"

మా ఆవిడ మర్యాదగా గోడకేసి చూసింది. చిన్నది మాత్రం వేలు చూపించింది.

ఏం దాచను? ఆదివారం సాయంత్రం నాకు తలనొప్పి. సిలిండరు మార్చాలంటే నడుం. బావమరిది వస్తున్నాడంటే కణతలు. తలకి తువ్వాలు బిగించి ఒక్క మూలుగు మూలిగితే ఇల్లంతా నిశ్శబ్దం, వెనకే అల్లం టీ. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలెట్టిన అమృతాంజనం ఇంకా నడుస్తోందంటే అందులో నా నుదుటి వాటా కొంత ఉంది.

"సోమవారం స్కూల్లో ఏముందమ్మా?"

"డ్రాయింగు."

"ఆదివారం రాత్రి?"

"నాన్న ఎక్కాలు అడుగుతారు. రాకపోతే రేపు సాయంత్రం మళ్లీ అడుగుతానంటారు." ఒంట్లో బాగోలేని పిల్లని ఎక్కాలు అడగను కదా! పదమూడో ఎక్కం దగ్గర నా గొంతు ఏ స్థాయికి లేస్తుందో పక్క ఫ్లాటువాళ్లకీ తెలుసు. డిటెక్టివుకి దొంగ దొరికాడు, అద్దంలో.

మందు రాయలేదు. నొప్పుందా అని అడక్కండి, బడికి పంపండి, మాట మార్చండి అన్నారు. 2006లో అమెరికాలో పిల్లలచేత కడుపుబ్బేలా నీళ్లు తాగించి చూశారట. తల్లిదండ్రులు బుజ్జగించినచోట ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, మాట మార్చినచోట సగమయ్యాయి. నేను ఏ జట్టో వేరే చెప్పాలా!

ఎక్కాలు మా ఆవిడ ఖాతాలోకి మారాయి. సోమవారం ఏడుంబావుకి నేను పేపర్లో తల దూర్చి నాలుక కరుచుకుంటాను. నొప్పికిప్పుడు బస్సు టైము సరిగ్గా గుర్తుండటం లేదు.

ఈ వైద్యం నామీద కూడా మొదలవుతుందని డాక్టరుగారు ముందే చెప్పి ఉండాల్సింది. మొన్న ఆదివారం తువ్వాలు బిగించి మూలిగితే, "సిలిండరు అయిపోయిందండీ" అంది మా ఆవిడ. టీ జాడ లేదు. చిన్నది మాత్రం తలుపు దగ్గరికొచ్చింది.

"నాన్నా, నొప్పి బొడ్డుకి దగ్గరా, దూరమా?"

"చాలా దూరం తల్లీ! తలెక్కడ, బొడ్డెక్కడ!" అన్నాను ఆశగా.

అది బొడ్డు నుంచి కణత దాకా జానలు వేసి కొలిచి, వంటింట్లోకి కేకేసింది.

"అమ్మా, నాలుగున్నర జానలే! సిలిండరు మార్చొచ్చు!"