పది అంటే పద్దెనిమిది

"ఆదోని జిల్లా అయితే ఎమ్మిగనూరు మనతో వస్తాదా, రాదా?" ఉరుకుంద ఈరన్నస్వామి గుడి దగ్గర శ్రావణ సోమవారం వరసలో నిలబడితే ఇదే ముచ్చట. 2022లో 13 జిల్లాలు 26 అయినా ఆదోని కర్నూలులోనే ఉండిపోయింది. ఊహాగానాలు మాత్రం అలసిపోలేదు.

అమెరికా కాలేజీ ఆటలకూ ఇదే జబ్బు. ఏ విశ్వవిద్యాలయం ఏ లీగులోకి దూకుతుందో అని ఏడాది పొడవునా గుసగుసలే. 'బిగ్ టెన్' లీగంటే పది జట్లనుకునేరు, 2024 నుంచి పద్దెనిమిది! పసిఫిక్ వైపున్న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ అదే ఏడాది అట్లాంటిక్ తీరపు లీగులో చేరాయి. టీవీ సొమ్ము ఎక్కడుంటే సముద్రమూ అక్కడే కాబోలు! ఇక 'పాక్-12' లీగులో ఆ ఏడాది మిగిలినవి రెండే జట్లు, పేరులో పన్నెండు మాత్రం చెక్కుచెదరలేదు. పంచపాండవులంటే మంచం కోళ్లలా ముగ్గురని రెండు వేళ్లు చూపించినవాడు అక్కడే లెక్కలు నేర్చుకున్నట్టున్నాడు.

మనవాళ్లే నయం, జిల్లాను వెతుక్కుంటూ సముద్రం మారమనడం లేదు.

సరే స్వామీ, వరస కదిలింది. ముందుకు నడవండి.