తలకట్టు, నడికట్టు, నోటికట్టు

నేను పుట్టింది పుంగనూరు, మెట్టింది మదనపల్లె, కూతుర్నిచ్చింది కుప్పం. మూడూళ్లలో కలిపి ఇరవైకి పైగా పురుళ్లు దగ్గరుండి చూశాను. బాలింత తనను తాను ఎలా చూసుకోవాలని ఈకాలం పిల్లలు అడుగుతున్నారు. ఆ అడగడమే తప్పు. ఆమే చూసుకుంటే ఇక మేమంతా ఎందుకు? అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను.

1. ముర్రుపాలు పిండి పారబోయండి. పచ్చగా, జిగటగా ఉంటాయి. కంటికి నచ్చనిది కడుపుకేం నచ్చుతుంది? ముందు బిడ్డ నాలుకకు తేనె రాయండి. నర్సమ్మ మాత్రం పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలనీ, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప తేనె కాదు కదా, చుక్క నీళ్లు కూడా పోయొద్దనీ అంటుంది. బిడ్డకు నీళ్లొద్దని ఆమె, తల్లికొద్దని నేను. ఇద్దరి మాటా వింటే ఇంట్లో బిందెకు పనే ఉండదు.

2. బాలింతకు పూటకు అర గ్లాసు నీళ్లు చాలు. ఎక్కువ తాగితే పచ్చి ఒళ్లు నీరు పడుతుంది, పొట్ట జారుతుంది. దాహమైనప్పుడల్లా తాగకపోతే మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయని డాక్టరమ్మ భయపెడుతుంది. మంట వస్తే బాలింతకు పెట్టే కాయం ఉండలో శొంఠి తగ్గిందన్నమాట. ఇంకో ఉండ పెట్టండి.

3. పథ్యం గట్టిగా ఉండాలి. గుడ్డు వేడి, పెరుగు చలవ, గుమ్మడికాయ నంజు, అరటిపండు జలుబు. మదనపల్లె మార్కెట్లో టమాటా ట్రేలు ఎంత ఎత్తున పేర్చి ఉన్నా, బాలింత చారులో ఒక్క ముక్క పడకూడదు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కెలోరీలు అదనంగా కావాలంటారు. కెలోరీలు మా ఇంట్లో ఎప్పుడూ వండలేదు. అంగన్‌వాడీలో ఆమె పేరున ఇచ్చే గుడ్లంటారా, ఇంట్లో మగవాళ్లు లేరూ? మా పుట్టింట్లో నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవు ఉండేది. దాని పాలు ఎంత చిక్కనో! బాలింతనైన నాకు అరగవని మా అన్నలే కష్టపడి తాగేవాళ్లు.

4. తలకట్టు కట్టి, కిటికీలు మూసి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి సాంబ్రాణి వేయండి. బిడ్డ దగ్గితే ఊపిరి బలపడుతోందనుకోండి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి వెలిసింది. ఇక్కడి గాలి కోసం ఎక్కడెక్కడి రోగులో వచ్చేవాళ్లు. అది రోగులకు పనికొచ్చే గాలి, బాలింతలకు కాదు. చెవుల్లో దూది మరవకండి. గాలితోపాటు నర్సమ్మ మాట కూడా లోపలికి పోదు.

5. నడికట్టు పాత చీరతో, ఊపిరాడనంతగా బిగించండి. ఆపరేషన్ కుట్లున్నాయా? ఉంటే ఉండనీ.

6. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుంది. వచ్చినప్పుడల్లా తల్లీబిడ్డా నిద్రపోతున్నారని చెప్పండి. ఆ పిల్ల ఊరుకోదు, వాకిట్లోనే నిలబడి అప్పజెబుతుంది: "పెద్దమ్మా, గంటలోనే గుడ్డ మొత్తం తడిసేంత రక్తం పోయినా, జ్వరం వచ్చినా, మైల దుర్వాసన కొట్టినా, తలనొప్పితో చూపు మసకబారినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా ఆలస్యం చేయొద్దు, 108కి ఫోన్ చేయండి." పోయేది చెడ్డ రక్తమేనని చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపేయండి.

7. బాలింత ఏడవకూడదు, పాలు విరుగుతాయి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోతే డాక్టరుకు చూపించాలట, 14416కి ఫోన్ చేసినా మాట్లాడతారట. మనకెందుకు? దిష్టి తీసి, చుట్టాలను పిలవండి. కుప్పం వియ్యాలవారైతే మరీ మేలు. తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ సలహాలు పడతాయి. ఏ భాషలోనూ ఆమెను ఏం కావాలని అడగాల్సిన పని ఉండదు. నోటికట్టంటే తిండికే అనుకున్నారా?

ఇక చివరి మాట, ఇది చిట్కా కాదు. పుంగనూరులో నా తొలి కాన్పప్పుడు, తొమ్మిదో రాత్రి, నాలుక పిడచకట్టుకుపోయింది. అవ్వ గురకపెడుతోంది. బిడ్డ స్నానానికి కాచిన కాగులో అడుగున నీళ్లు మిగిలున్నాయి. వంగితే నడికట్టు కోసుకుపోయింది. అయినా దోసిలితో తాగాను. పొగవాసన, చల్లదనం. అంత రుచైన నీళ్లు మళ్లీ తాగలేదు. పొద్దున అవ్వ కాగు చూసి పిల్లి తాగిందంది. అవును, పిల్లేనన్నాను.

ఇప్పుడు మా అమ్మాయి పురిటికొచ్చింది. రాత్రిళ్లు కాగులో నీళ్లు తగ్గుతున్నాయి. మా ఇంట్లో పిల్లి లేదు. నిన్నటినుంచి కాగుకు మూత పెట్టడం మానేసి, పక్కన ఒక చెంబు పెడుతున్నాను.