కాపురం నిలబెట్టాలని ఇచ్చే చెడ్డ సలహాలు

భర్తకో భార్యకో వేరే సంబంధం ఉందని బయటపడిన ఇంటికి అందరికన్నా ముందు వచ్చేవి సలహాలు. మన సంఘాల్లో అవి బైబిలు చేతపట్టుకుని మరీ వస్తాయి. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే. కానీ వీటిలో చాలావరకు గాయపడ్డవాళ్ల నోరు నొక్కి, తప్పు చేసినవాళ్లను ఒడ్డున పడేస్తాయి.

అన్నిటికన్నా హాని చేసేది ఇది: “క్షమించేశావుగా, ఇంకా ఎందుకు తవ్వుతావు?” మత్తయి 18లో ఎన్నిసార్లు క్షమించాలో పేతురుకు ప్రభువు చెప్పిన లెక్కను ఇక్కడ వాడేస్తారు. అదే అధ్యాయంలో అంతకుముందే, తప్పు చేసిన సహోదరుణ్ణి ఒంటరిగా కలిసి నిలదీయమనీ, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకు వెళ్లమనీ ఆయనే చెప్పాడు. అది ఎవరికీ గుర్తు రాదు. క్షమించడం గాయపడ్డ మనిషి చేతిలో ఉంది. నమ్మకం తిరిగి రావడం తప్పు చేసిన మనిషి నడత మీద ఉంది. యోసేపు అన్నల మీద పగ తీర్చుకోలేదు, ధాన్యం ఇచ్చి డబ్బు కూడా వాళ్ల గోనెల్లోనే పెట్టించాడు. అయినా తానెవరో చెప్పుకున్నది, బెన్యామీనుకు బదులు నేను దాసుడిగా ఉంటానని యూదా ముందుకొచ్చాకే.

కాబట్టి అడగనివ్వండి. అర్ధరాత్రి లేచి అదే ప్రశ్న మళ్లీ వేసినా కసురుకోకుండా నిజం చెప్పడం తప్పు చేసినవారి బాధ్యత. ఎవరు, ఎప్పటినుంచి, ఇంకా మాట్లాడుకుంటున్నారా, డబ్బు ఎంత పోయింది, ఇవన్నీ తెలియాలి. పడకగది వివరాలు మాత్రం అడగవద్దు, ఆ తర్వాత నిద్ర పట్టదు.

“సాతాను చేయించాడమ్మా, దావీదంతటివాడే పడిపోయాడు” అంటారు. ఆ కథను సగంలో ఆపేస్తారు. నాతాను ఎదుట దావీదు నెపం ఎవరి మీదా నెట్టలేదు, పాపం చేశానని ఒప్పుకున్నాడు. క్షమాపణ దొరికింది, పర్యవసానాలు తప్పలేదు. మారుమనస్సు కంటికి కనిపించాలి. ఆ వ్యక్తితో మాటలు పూర్తిగా తెగాలి, ఒకే ఆఫీసయితే బదిలీ అడగాలి, ఫోను దాచకూడదు, జీతం లెక్క చెప్పాలి.

“నువ్వే సరిగా చూసుకోలేదేమో” అని స్త్రీల కూడికలో భార్యను అనడం క్రూరత్వం. ఆదివారం ఇద్దరిచేతా సాక్ష్యం చెప్పించడం అంతకు తక్కువేమీ కాదు. వాళ్ల పిల్లలు ఆ మందిరంలోనే సండే స్కూలుకు వస్తారు.

“ఇంకో బిడ్డ పుడితే సర్దుకుంటుంది” అనేవాళ్ల మాట అసలు వినకండి. మళ్లీ దగ్గరయ్యే ముందు ఇద్దరూ హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. సోకిన కొత్తలో బయటపడకపోవచ్చు కనుక మూడు నెలలకు మరోసారి చేయించాలి. ఉపవాస ప్రార్థన చేశాం కదా అని ఇది మానవద్దు.

“క్రైస్తవులకు విడాకులు లేవు, హోషేయ గోమెరును తిరిగి తెచ్చుకోలేదా?” అన్నది చివరి అస్త్రం. అది దేవుడు ఆ ప్రవక్తకు అప్పగించిన పని. మత్తయి 19:9లో వ్యభిచార కారణాన్ని ప్రభువు విడిగా పేర్కొన్నాడు. చట్టం సంగతీ తెలుసుకోండి. 1869 నాటి విడాకుల చట్టం కింద భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలేది. భార్య అయితే దానికి తోడు క్రూరత్వమో, విడిచి వెళ్లడమో చూపాల్సి వచ్చేది. 2001 సవరణతో ఆ తేడా పోయింది. విడిపోయే దారి ఉందని తెలిసీ కలిసి ఉండాలనుకునే మనిషి నిర్ణయానికే బలం ఎక్కువ. ఇంట్లో కొడుతుంటే మాత్రం కాపురం గురించి తర్వాత ఆలోచించవచ్చు, ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

పాస్టరుగార్లకు, సంఘపెద్దలకు ఒక మనవి. ఇద్దరి చేతులూ కలిపి ప్రార్థన చేసి పంపేయకండి. విడివిడిగా కూర్చోబెట్టి, ముందు గాయపడ్డ మనిషి మాట పూర్తిగా వినండి. ఏడాది తర్వాత కూడా ఆ ఇంటికి వెళ్లి తప్పు చేసినవారిని లెక్క అడగండి.