పది బాట్ల వీరులు

బ్యాంకాక్‌లో డబ్బు తగలెయ్యడం ఎవరికైనా చేతనవుతుంది. అందులో గొప్పేముంది? తగలెయ్యకుండా తిరిగొచ్చి, ఆ తగలెయ్యని డబ్బు గురించి ఆర్నెల్లపాటు కనిపించిన ప్రతివాడికీ చెప్పాలంటేనే సాధన కావాలి. వెనకటికి కాశీకి వెళ్లినవాళ్లు ఓ కాయో పండో వదిలేసి వచ్చేవాళ్లు. ఈ బ్యాక్‌ప్యాకర్లు పర్సు తియ్యడం వదిలేసి వస్తున్నారు.

వీళ్ల తపోవనం పేరు ఖావోసాన్ రోడ్డు. పాత బ్యాంకాక్‌లో బాంగ్లాంఫూ అనే పేటలో ఉంది. మొత్తం పొడవు నాలుగొందల మీటర్లు, కాస్త చురుగ్గా నడిస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఒకప్పుడు బియ్యం బజారు. 1980ల్లో అక్కడి ఇళ్లవాళ్లు గదులు పరదేశి కుర్రాళ్లకి అద్దెకివ్వడం మొదలెట్టాక బియ్యం వెళ్లిపోయి బీరొచ్చింది. 2000లో వచ్చిన ‘ది బీచ్’ సినిమాలో డికాప్రియో ఇక్కడి చవక గదిలోంచే బయల్దేరతాడు, ఎవరూ తొక్కని చోటు వెతుక్కుంటూ. అప్పట్నుంచీ ఎవరూ తొక్కని చోటు కావాల్సినవాళ్లంతా వరసగా వచ్చి ఈ నాలుగొందల మీటర్లనే తొక్కుతున్నారు. అందరి ఒంటిమీదా ఏనుగు బొమ్మల వదులు పంట్లామే. గుంపుకి దూరంగా బతుకుదామని వచ్చినవాళ్లకి యూనిఫారం ఎవరు కుట్టించారో తెలీదు. ఇక సినిమా తీసిన మాయా బే తీరం సంగతి: జనం పోటెత్తి పగడపు దిబ్బలు పాడైపోతే, 2018లో మూసేసి మళ్లీ 2022లో గానీ తెరవలేదు.

ఈ వీధిలో పుల్లకి గుచ్చిన వేపుడు తేళ్లు కూడా దొరుకుతాయి. మన వీరుడు ఒకటి పట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, ‘ఇదీ అసలైన స్థానిక ఆహారం’ అని వీడియో తీస్తాడు. స్థానికులు ఆ పూట పక్కసందులో నూడుల్స్ గిన్నె ముందు కూర్చుని ఉంటారు. తేళ్ల బండి మీద ఒక అట్టముక్క కనిపిస్తుంది: ఫోటోకి పది బాట్లు. ఆ వీధి మొత్తానికి అర్థశాస్త్రం తెలిసిన మనిషి ఆ అట్టముక్క రాసినవాడే. తిన్న తేలు ఒక్కసారే అమ్ముడవుతుంది, చూపించిన తేలు తెల్లారేదాకా అమ్ముడవుతూనే ఉంటుంది.

ఈ మతానికి గ్రంథం కూడా ఉంది. టోనీ, మౌరీన్ వీలర్ దంపతులు ఆసియా అంతా చవగ్గా తిరగడమెలాగో 1973లో ఓ చిన్న పుస్తకం వేశారు. 1975లో ఆగ్నేయాసియా మీద మరోటి తెచ్చారు. అదే లోన్లీ ప్లానెట్ సంస్థ. ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి, 2007లో, అందులో సింహభాగాన్ని బీబీసీ వాణిజ్య విభాగం కోట్ల పౌండ్లు పోసి కొనుక్కుంది. పైసలు కూడబెట్టుకోవడం ఎలాగో చెప్పినవాళ్లు బాగానే కూడబెట్టారు. విన్నవాళ్లు ఇంకా ఎనిమిదిమంది గదిలో పై బెర్తు మీదే ఉన్నారు.

వీళ్లకి డబ్బు లేకపోవడం మీద నాకు పేచీ లేదు. నిజంగా లేనివాడు ఎక్కడైనా చెయ్యి బిగబట్టే తిరుగుతాడు, దాన్ని బిరుదుగా తగిలించుకోడు. నా పేచీ వీళ్ల బేరంతో. ఆ బేరం ఎవరి దగ్గర మొదలవుతుందో, ఎవరి దగ్గర నోరు మూసుకుంటుందో కాస్త గమనించండి. విమానం కంపెనీ సంచి రెండు కిలోలు ఎక్కువుందంటే మాట్లాడకుండా కార్డు గీస్తాడు. సెవెన్ ఎలెవెన్‌లో శాండ్‌విచ్ మీద ఏ ధర రాసుంటే ఆ ధర కడతాడు. ఏసీ కొట్టులో ఐసు కాఫీకి నూటిరవై బాట్లు పోసి, వైఫై పాస్‌వర్డు అడిగి, ‘బ్యాంకాక్‌లో మోసపోకుండా బయటపడటం ఎలా’ అని అక్కడే కూర్చుని రాస్తాడు. బయటికొచ్చాక, ఎండలో గాజుపెట్టె బండి తోసుకుంటూ అనాసపండు కోసిచ్చే ఆవిడ ముప్ఫై బాట్లు అందో లేదో, అప్పటిదాకా పడుకున్న సింహం లేస్తుంది. ఇరవయ్యే ఇస్తానంటాడు. వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేస్తాడు. వెనక్కి చూస్తాడు. ఆవిడ నవ్వి ఇచ్చేస్తుంది. ఆ నవ్వుని తన గెలుపు ఖాతాలో వేసుకుంటాడు. విసుగొచ్చినా నవ్వే మనుషులుంటారని అతని గ్రంథం చెప్పలేదు కాబోలు.

ఇంతకీ మిగిలింది పది బాట్లు, అంటే మన పాతిక ముప్ఫై రూపాయలు. బ్యాంకాక్‌లో రోజుకి కనీస కూలి 400 బాట్లకి చేరింది 2025 జులైలోనే. బండి తోసేవాళ్లకి ఆ భరోసా కూడా లేదు, అమ్మితేనే కూలి. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు మనవాళ్లు. ఇతనికి అందే జుట్టు ఎప్పుడూ తోపుడుబండి వాళ్లదే.

టికెట్ కిటికీ దగ్గర బేరం కుదరదు కాబట్టి అక్కడ ఆత్మగౌరవం దెబ్బతింటుంది. గ్రాండ్ ప్యాలెస్‌కి విదేశీయుడు 500 బాట్లు కట్టాలి, థాయ్‌వాళ్లకి ఉచితం. ‘ఇది వివక్ష’ అని ఉపన్యాసం. తాజ్‌మహల్‌కి మనం 50 రూపాయలిస్తే పరదేశి 1,100 ఇస్తాడు. మనలో ఎవరైనా ఆ యాభై రూపాయల వరసలో నిలబడి సమానత్వం గురించి గొంతు చించుకున్న దాఖలా ఉందా? సరే, మన వీరుడు టికెట్ దండగ అనుకుని గోడ పక్కన తచ్చాడుతుంటే, శుభ్రమైన చొక్కా వేసుకున్న పెద్దమనిషొకడు దగ్గరికొస్తాడు. ప్యాలెస్ ఇవాళ మూసేశారు బాబూ, ఏదో పూజ ఉంది అంటాడు. ఇరవై బాట్లిస్తే ఇదిగో ఈ టుక్‌టుక్ నాలుగు గుళ్లు తిప్పి చూపిస్తుందంటాడు. ఇరవై! పండ్లావిడని పిండిన బుర్ర ఇక్కడ మాత్రం లెక్క వెయ్యదు. నాలుగు గుళ్లకి ఇరవై బాట్లయితే పెట్రోలు ఎవడిస్తున్నాడని అడగదు. ఇచ్చేది నగల కొట్టువాడు. బేరాన్ని గుమ్మందాకా తెచ్చి దింపినందుకు డ్రైవరుకి ఇంధనం కూపన్లూ, కమీషనూ అక్కడే ముడతాయి. కెంపులు, నీలాలు ఇవాళ్టితో ఆఖరు అమ్మకం, మీ ఊళ్లో అమ్ముకుంటే రెట్టింపు అంటాడు కొట్టువాడు. 500 బాట్లు మిగిల్చుకున్న మేధావి వేల బాట్ల రంగురాళ్లు పొట్లం కట్టించుకుని బయటికొస్తాడు. దశాబ్దాలుగా ఆ గోడ పక్కనే నడుస్తున్న నాటకమిది. ప్యాలెస్ మాత్రం ఆ రోజూ తెరిచే ఉంటుంది.

మనవాళ్లు ఇందులో వెనకపడతారా? 2023 నవంబరులో థాయిలాండ్ మనకి వీసా మినహాయింపు ఇచ్చింది. శంషాబాద్‌లో ఎక్కితే మూడున్నర గంటల ప్రయాణం. ఇంకేం, ‘పదివేలలో బ్యాంకాక్’ వీరగాథలు తెలుగులోనూ మొదలయ్యాయి. ఆ పదివేల లెక్క ఒకసారి విప్పి చూడాల్సిందే. విమానం టికెట్ అందులో లేదు, అదెప్పుడో ఆఫర్లో కొన్నది. కెమెరా లేదు, అది పెట్టుబడి. ఫోను లేదు, దాని వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి అది కొన్నట్టు కాదు. మూడు రాత్రులు బావమరిది స్నేహితుడి గదిలో పడుకున్నాడు, అది బంధుత్వం. పొద్దున్నా రాత్రీ తిన్నది ఇంటినుంచి మోసుకెళ్లిన కందిపొడి, గోంగూర పచ్చడి, పులిహోర కలుపు, అది అమ్మ. ఇన్ని కొట్టేశాక మిగిలిన పదివేలు అసలెందుకయ్యాయని అడగబుద్ధేస్తుంది. అడిగితే, ‘అక్కడ అన్నీ చాలా చవక బావా’ అంటాడు.

ఆ ఊళ్లో చవక బతుకు లేదని కాదు, పుష్కలంగా ఉంది. ఏసీ లేని ఎర్ర బస్సుకి ఎనిమిది బాట్లు చాలు. వీధి మొగలో మిషన్‌లో ఒక బాటు నాణెం వేస్తే సీసా నిండా మంచినీళ్లొస్తాయి. ఖావోసాన్ నుంచి కాస్త నడిస్తే ఫాన్‌ఫా రేవు. అక్కడ సేన్‌సేప్ కాలువ పడవ ఎక్కితే, పైన ట్రాఫిక్‌లో కార్లు కదలకుండా నిలబడుంటే కింద నీళ్లమీద దూసుకుపోవచ్చు. పడవ అంచుమీద హెల్మెట్ పెట్టుకుని నడుస్తూ కండక్టర్ డబ్బులు వసూలు చేస్తాడు. పక్కనుంచి ఇంకో పడవ వెళితే ఆ మురికినీళ్లు మీద పడకుండా చివర కూర్చున్నవాళ్లు తాడు లాగి ప్లాస్టిక్ పరదా పైకెత్తాలి. గుమాస్తాలు, కొట్లలో పనిచేసే ఆడవాళ్లు, బడిపిల్లలు రోజూ అలాగే వెళ్లొస్తారు. దాన్ని సాహసమని ఎవరూ అనరు, ఆఫీసుకెళ్లడం అంటారు. మన వీరుడు ఆ పడవ జోలికి పోడు. ముక్కు మూసుకోవాల్సొస్తుంది, పైగా చవగ్గా తిరిగేవాళ్లు అందులో ఇంతమంది ఉంటే తన గొప్పేముంటుంది? దగ్గర్లో మెట్రో స్టేషను లేదని సణుక్కుంటూ గ్రాబ్‌లో ఏసీ కారు పిలుస్తాడు. యాప్‌తో బేరం ఉండదు.

ఇక ఈ సంప్రదాయంలో పరమహంసలు కొందరున్నారు. ఎక్కువమంది తెల్లదొరల బిడ్డలు. పేవ్‌మెంటు మీద గుడ్డ పరిచి, ‘నా ప్రపంచయాత్రకి సాయం చెయ్యండి’ అని అట్టముక్క పెట్టుకుని కూర్చుంటారు. పొద్దున్నే బౌద్ధ భిక్షువులు పాత్ర పట్టుకుని నడిచే ఊళ్లో, భిక్ష పెడితే పుణ్యమని నమ్మే జనం మధ్యన కూర్చుంటే గిరాకీకి లోటుండదని ఎవరు చెప్పారో! థాయ్ ఇమ్మిగ్రేషన్‌వాళ్లు 20,000 బాట్లు చేతిలో చూపించమని అడగొచ్చు. అడుగుతారా లేదా అన్నది మొహాన్ని బట్టి ఉంటుందని నా అనుమానం. అదే మన కుర్రాడు యూరప్ వెళ్తానంటే బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం చీటీలు, ఆఫీసు సెలవు పత్రం, 30,000 యూరోల బీమా, అన్నీ దొంతర పెట్టాలి. వాడు పారిస్‌లో గుడ్డ పరిస్తే ఎంతసేపు కూర్చోనిస్తారో ఊహించుకోండి.

2018 ఆగస్టులో నగరపాలక సంస్థ ఖావోసాన్ వీధి వ్యాపారులకి సాయంత్రం ఆరు దాటాకే దుకాణాలు పెట్టాలని హుకుం వేసింది. ఏళ్ల తరబడి అక్కడే అమ్ముకు బతికేవాళ్లు రోడ్డెక్కి గొడవ చెయ్యాల్సొచ్చింది. పరమహంసల గుడ్డకి ఏ వేళా వర్తించదు. దానిమీద పేర్చిన ఫోటోల్లో భిక్షువులుంటారు, పడవలుంటాయి, అనాసపండు బండి పక్కన నిలబడి నవ్వుతున్న ఆవిడా ఉంటుంది. ఒక్కోటి వంద బాట్లు. బేరాల్లేవు.